చేతులకు కుట్టిన సంచులు

ఎవరైనా నన్ను మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఎంత ఓపిక సుహాసినీ నీకు! ఎంత మంచి మనసు!" అంటారు. నా మొహం! నాకు ఓపిక ఏనాడూ లేదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. మా నాయన నెక్కొండ స్టేషన్ దగ్గర బట్టలు కుట్టేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి రెండే, కుట్టుపనీ కోపమూ. రెంటిలోనూ ఆయన్ని మించిపోయానని మా అమ్మే అనేది.

ఈ మెచ్చుకోళ్ళన్నీ నేను కుట్టే చేతిగుడ్డల గురించి. మతిమరుపు జబ్బు బాగా ముదిరిన పెద్దవాళ్ళ చేతులు ఊరుకోవు. చీర అంచో, దుప్పటి కొసో, తమ చర్మమో, ఏదో ఒకటి లాగుతూ గిల్లుతూ ఉంటాయి. అలాంటివాళ్ళ ఒళ్ళో పరచడానికి మూరెడు గుడ్డ తీసుకుని దాని మీద జిప్పు, పెద్ద పెద్ద గుండీలు, నాడాలు, మెత్తటి మఖమల్ ముక్క, గరుకు గోనె ముక్క కుట్టి ఇస్తే, వాళ్ళ చేతులకు పని దొరుకుతుంది, మనసు కుదుటపడుతుంది. హనుమకొండలో పగలంతా ఇలాంటి పెద్దవాళ్ళను చూసుకునే చోటు ఒకటి ఉంది. వాళ్ళ కోసం ఇప్పటికి పాతిక పైనే కుట్టి ఇచ్చాను.

అయితే ఈ గుడ్డల కంటే ముందు నేను ఇంకొకటి కుట్టాను. మా అత్త మల్లవ్వ చేతులకు రెండు సంచులు కుట్టాను, ఆ చేతులు ఏదీ ముట్టుకోకుండా. ఆ సంగతి బయటివాళ్ళకు తెలియదు. తెలిస్తే మెచ్చుకునేవాళ్ళు కాదు.

మాది కొత్తవాడ. ముందుగది నా టైలరింగ్ షాపు, వెనక రెండు గదుల్లో సంసారం. మా ఆయన సదానందం జంపఖానాలు నేసే షెడ్డులో పని చేస్తాడు. పొద్దున పోతే సాయంత్రానికి వస్తాడు. మాకు పిల్లలు లేరు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఎత్తని మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉన్నారంటే అది మా అత్త ఒక్కతే. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో నన్ను ఒడిబియ్యం పోసే దగ్గర్నించి పక్కకు జరగమన్నారు. మా అత్త అక్కడికక్కడే లేచి, "నా కోడలు నిలవడని కాడ నేనెందుకు నిలవడత? మీ ఇంట్ల మంచినీళ్ళు గూడ ముట్ట" అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. విస్తట్లో అన్నం అలాగే వదిలేసింది. ఆ చెయ్యి గురించే నేనిప్పుడు చెబుతున్నది.

మూడేళ్ళ కిందట మొదలైంది జబ్బు. ముందు కూరలో రెండుసార్లు ఉప్పు. తర్వాత నాలుగిళ్ళ అవతలి కిరాణా షాపుకు పోయి ఇంటిదారి తెలియక అక్కడే నిలబడిపోవడం. డాక్టరుకు చూపిస్తే మందులు రాశాడు గానీ, ఇది తగ్గేది కాదమ్మా, మీరే అలవాటు పడాలి అన్నాడు. నేను అలవాటు పడలేదు. చనిపోయిన మా మామ పేరుతో కొడుకును "సారయ్యా" అని పిలిచేది. నన్ను ఒకసారి పిల్లా అనేది, ఒకసారి అక్కా అనేది. మాటలు పోయాయి, మనుషులు పోయారు, కాని చేతులు మాత్రం ఆగేవి కావు. యాభై ఏళ్ళు మగ్గానికి నూలు కండెలు చుట్టిన చేతులు. నా షాపులోకి వచ్చి కూర్చుని దొరికిన ప్రతి దారమూ పట్టుకునేది. నేను కసిరేదాన్ని. లేచి వెళ్ళి మళ్ళీ వచ్చేది.

అది శ్రావణమాసం. వరంగల్‌లో ఏ టైలరుకైనా శ్రావణంలో ఊపిరాడదు. రాజేశ్వర్ రావు సారని రిటైర్డ్ హెడ్మాస్టరు, ఆయన బిడ్డ పెళ్ళికి పదకొండు జాకెట్లు ఒప్పుకున్నాను. పెళ్ళికూతురి జాకెట్టుకు చేతుల నిండా మగ్గం వర్కు. రెండు రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా అన్నీ కుట్టి తాడు మీద వేలాడదీశాను. హుక్కులు వేసి, దారాల కొసలు కత్తిరిస్తే అయిపోతుంది. ఏ టైలరైనా కుట్టు మొదట్లోనూ చివర్లోనూ రెండు వేళ్ళంత దారం వదిలిపెడతాడు, వెంటనే కత్తిరిస్తే కుట్టు విడిపోతుందని. నేనైతే అన్ని జాకెట్లూ అయ్యాక ఒకేసారి గడప దగ్గర వెలుతురులో కూర్చుని చిన్న కత్తెరతో కొసలన్నీ తీసేస్తాను.

హుక్కులు అయిపోయాయని సందు చివరి షాపుకు పోయాను. ఎంతసేపు, పది నిమిషాలు. వచ్చేసరికి మా అత్త నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో నాలుగు జాకెట్లు. ఒక జాకెట్టు దారానికి ఇంకో జాకెట్టు దారం ముడి. దానికి మరొకటి. నాలుగూ కలిసి ఒక గొలుసైపోయాయి. నన్ను చూసి నవ్వింది. ఎన్నాళ్ళ తర్వాతో అంత తేటగా నవ్వింది.

"అయిపోవచ్చిందే పిల్లా" అంది.

నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. "అయిపోయింది! నా బతుకే అయిపోయింది!" అని అరిచి జాకెట్లు గుంజాను. ఆమె వదల్లేదు. "ఆగే, తెగుతయ్, తెగుతయ్" అంటూ తనవైపు లాక్కుంది. ఇద్దరం చెరోవైపు. మిషన్ మీద పెద్ద కత్తెర ఉంది. తీసి మధ్యలో పెట్టి కసుక్కున కోశాను. దారాలను కోద్దామనే. కాని కోపంలో ఉన్న చెయ్యికి కళ్ళుండవు. పెళ్ళికూతురి జాకెట్టు చెయ్యి అడ్డంగా సగం దాకా తెగింది. పూసలు జలజలా రాలి గచ్చు మీద దొర్లాయి.

ఇది గుర్తుపెట్టుకోండి. కోసింది నా కత్తెర. ఆమె చేతిలో కత్తెర లేదు.

సాయంత్రం సదానందం వచ్చి జాకెట్టు చూసి "ఏమైందే?" అన్నాడు.

"మీ అవ్వ చింపింది" అన్నాను. చూడండి, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముందు అనుకోను కూడా అనుకోలేదు.

ఆయన చెప్పులు విప్పకుండానే ఆ జాకెట్టు పట్టుకుని రాజేశ్వర్ రావు సారు ఇంటికి పోయాడు. అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడి, "మా అవ్వకు మంచిగ లేదు సార్, జర మాఫ్ జెయ్యిండ్రి" అన్నాడట. అది ఆయనే వచ్చి చెప్పాడు. చెప్పి, అవ్వ పక్కన కూర్చుని, "ఏందవ్వా గిట్ల జేసినవ్?" అన్నాడు మెల్లగా. ఆమె తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నిజంగా తనే చేసిందేమోనని చూసుకుంటున్నట్టు చూసుకుంది. నేను వంటగదిలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

మర్నాడు సంచులు కుట్టాను.

టైలర్ని కదా, అవి కూడా నీటుగానే కుట్టాను. లైనింగ్ గుడ్డ రెండు పొరలు. గుచ్చుకోకుండా లోపలి అంచులకు ఓవర్‌లాక్. మూతికి నాడా. చేతులు మణికట్టు దాకా సంచుల్లో పెట్టి, నాడా బిగించి, రెండు ముళ్ళు. పని ఉన్నంతసేపూ, అంటే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. అన్నం నేనే తినిపించేదాన్ని. సదానందం చూసి అడిగితే, "దవాఖానల నర్సు జెప్పింది. చేతులు గీరుకోకుంట గిట్ల తొడుగుతరట" అన్నాను.

"అట్లనా? నాకేం ఎర్క, నువ్వు జూసుకుంటానవ్ గదా" అన్నాడు. ఆయన నన్ను నమ్మకపోయినా బాగుండేది.

మొదటి వారం మా అత్త ఆ సంచుల్ని గోడకేసి రాసింది. ముళ్ళను పళ్ళతో కొరికింది. పళ్ళెక్కడివి, నాలుగో ఐదో. "ఇప్పు బిడ్డా, పోగులు తెగినయ్, అతకాలె, ఇప్పు" అని ఏడ్చేది. పిచ్చి మాటలనుకుని నేను టీవీ సౌండు పెంచేదాన్ని. రెండో వారం ఏడుపు తగ్గింది. మూడో వారానికి అడగడం మానేసింది. గోడకానుకుని రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేది. అమ్మయ్య అనుకున్నాను. నిజం చెబుతున్నా, అమ్మయ్య అనే అనుకున్నాను. శ్రావణం అయిపోయింది, పని తగ్గింది, అయినా సంచులు తీయలేదు. ఇల్లు నిమ్మళంగా ఉంది కదా, మళ్ళీ ఎందుకు?

బతుకమ్మకు మా ఆడబిడ్డ వాసంతి వచ్చింది. సదానందానికి చెల్లెలు. హసన్‌పర్తిలో ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. ఆమె ఆటో దిగడం కిటికీలోంచి చూసి గబగబా సంచులు విప్పి లైనింగ్ ముక్కల మూట కింద తోసేశాను. నర్సు చెప్పినదాన్ని దాచడం ఎందుకు? ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు.

వాసంతి తల్లి చేతికి అరటిపండు ఇచ్చింది. పట్టుకోలేక జారిపోయింది. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ జారింది.

"వదినె, అవ్వ వేళ్ళేంది గిట్ల కట్టెలైనయ్? మొన్న నేనొచ్చినప్పుడు మంచిగనే ఉండె."

"జబ్బు పెరుగుతాంది" అన్నాను. మిషన్ మీంచి తలెత్తలేదు.

తర్వాత బతుకమ్మ కింద చుట్టడానికి గుడ్డపేలిక కావాలని షెల్ఫులో వెతుకుతుంటే ఆ తెగిన జాకెట్టు దొరికింది దానికి, అత్త వేసిన ముళ్ళతో సహా. మిగతా మూడింటినీ దాన్నుంచి కత్తిరించి విడదీసి ఇచ్చేశాను, పెళ్ళికూతురికి కొత్తది కుట్టాను గానీ, పాతదాన్ని ఆ దారాలతో అలాగే దాచాను. ఎందుకు పారేయలేదో నాకూ తెలియదు. వాసంతి దాన్ని గడప దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"గివి అతికిందెవరు?"

"అతుకుడేంది? మీ అవ్వ చేసిన నాశనం అది. మీ అన్న చెప్పలేదా?"

"నాశనమా? జర సూడు వదినె." నా పక్కకు వచ్చి ఒక ముడిని వేలి మీద పెట్టి చూపించింది. ఆవగింజంత కూడా లేదు. నేను ఇరవై ఏళ్ళుగా దారంతో బతుకుతున్నదాన్ని, అంత చిన్న ముడి నాకు రాదు. "ఇది పోగు అతుకు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కియ్యాల్నంటె, పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటి ముడెయ్యాలె. వేల పోగులు. మా వాడకట్టుల ఎవ్వలింట్ల పడుగెక్కినా అవ్వనే పిలుస్తుండ్రి. మగ్గమున్న ఇంట్ల దారం కొస యాలాడితె పోగు తెగినట్టు లెక్క వదినె. చూస్కుంట పోతె పాపమనేది అవ్వ. నీ షాపుల గన్ని కొసలు యాలాడవట్టె, ఇగ అవ్వ ఎట్ల ఊకుంటది? నీ పనే జేసిపెట్టింది."

'అయిపోవచ్చిందే పిల్లా.' ఆ నవ్వూ ఆ మాటా అప్పుడు నా చెవిలో మళ్ళీ పడ్డాయి. రెండు రోజులుగా తిండి లేకుండా కుడుతున్న కోడలికి సాయం చేద్దామని కూర్చుంది ఆ మనిషి. తెగిన పోగులన్నీ అతికి పెట్టింది. చూసి సంతోషిస్తానని నవ్వింది. ఆగే, తెగుతయ్ అన్నది కూడా ఆ పోగుల గురించే. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే చెప్పేయాల్సింది. వాసంతి ముందే ఉంది, చెల్లెలిలాంటి పిల్ల, తిడితే తిట్టేది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆరోజు నుంచి సంచులు కట్టలేదు. కాని చేతులు మళ్ళీ రాలేదు.

పది రోజులు చూసి హనుమకొండలోని ఆ చోటికి తీసుకుపోయాను. అక్కడ వేళ్ళకు కసరత్తు చేయించే అమ్మాయి ఉంది, మెహ్జబీన్ అని. చాలా చురుకైన పిల్ల. మా అత్త వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూసి, మణికట్టు దగ్గర ఆగింది. నాడా ఒరుసుకున్న చోట చర్మం కాస్త నల్లబడి ఉంది.

"ఆంటీ, చేతులు ఎప్పుడన్నా కట్టేసిండ్రా?"

"లేదమ్మా! ఎందుకు కడ్తం? గాజుల ఒరుపు అది" అన్నాను. ఆమె మామూలుగానే అడిగింది, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే గొంతు పెంచాను. మెహ్జబీన్ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, మణికట్టు మీద కొంగు సర్దింది.

"ఫికర్ జెయ్యకుండ్రి, వేళ్ళు వస్తయ్. పని గావాలె వీటికి, అంతే" అంది. ఫోనులో ఎక్కడో ఎవరో కుట్టిన చేతిగుడ్డల ఫోటోలు చూపించింది. "మీరు టైలర్ గదా, గిసొంటిది ఒకటి కుట్టిండ్రి."

కుట్టాను. అంత శ్రద్ధగా పెళ్ళి జాకెట్టు కూడా కుట్టలేదు. జిప్పు, కాజాలు, గుండీలు, జరీ లేసు, అన్నీ పెట్టి, ఒక్క దారం కొస కూడా కనబడకుండా నున్నగా కత్తిరించి అత్త ఒళ్ళో పరిచాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, రెండు చేతులూ కొంగులో దూర్చుకుంది. అంతే.

ఆ గుడ్డను మెహ్జబీన్ తీసుకుపోయి వేరే ఆమెకు ఇస్తే ఆమె పొద్దంతా దాంతోనే ఉందట. ఇంకొకటి కావాలంది. అట్లా మొదలైంది. సిద్దిరాములు అని ఒక ముసలాయన, బస్సు కండక్టరు. ఆయనకు తోలుసంచి, లోపల చించడానికి టికెట్ల లాంటి గుడ్డముక్కలు కుట్టాను. రోజంతా అందరికీ టికెట్లు ఇస్తాడు. ధర్మసాగర్ నుంచి వచ్చే మొగిలమ్మకు గుప్పెడు కందులు పోసి నాలుగు వైపులా కుట్టేసిన చిన్న మూట ఇచ్చాను. దాన్ని అరచేతుల్లో నలుపుతూ రాళ్ళు ఏరుతున్నాననుకుంటుంది. వాళ్ళ పిల్లలు నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నేను ఇంటికి వచ్చి మిషన్ ముందు కూర్చుని మళ్ళీ ఇంకొకటి మొదలుపెట్టేదాన్ని. ఎన్ని కుడితే నాది మాఫీ అవుతుందో ఎవరైనా చెబితే అన్ని కుట్టేసి ఊరుకునేదాన్ని. ఎవరు చెబుతారు? చెప్పవలసిన మనిషికి నా పేరే గుర్తులేదు.

మా అత్త వేళ్ళు మెల్లగా వంగడం మొదలైంది. కొడుకు ముందు గ్లాసు పట్టుకునేది. వాసంతి వస్తే దాని జడ అల్లబోయేది. మెహ్జబీన్ బంతి ఇస్తే నొక్కేది. నేను గుమ్మంలోకి వస్తే చాలు, చేతులు కొంగులోకి పోయేవి. నా పేరు గుర్తులేదు, నేను ఆమెకు ఏమవుతానో గుర్తులేదు, కాని నా నీడ పడితే చేతులు దాచుకోవాలని మాత్రం గుర్తుంది. నాకు ఒక్కటే కావాలనిపించేది. ఒక్కసారి నా ముందు ఆ చేతులు బయటికి రావాలి. నా ముందు దేన్నైనా ముట్టుకోవాలి. గుడ్డ చింపినా సరే, నన్ను కొట్టినా సరే.

సదానందాన్ని అడిగి షెడ్డు నుంచి జంపఖానా నూలు తెప్పించాను. ఒక మందపాటి గుడ్డకు ఒకవైపు ఎర్రవి, రెండోవైపు తెల్లవి, వరసగా దారాలు కుట్టి కొసలన్నీ వదిలేశాను. నా చెయ్యి కత్తెర కోసం పోతూనే ఉంది, వెనక్కి లాక్కుంటూనే ఉన్నాను. చూడ్డానికి పాత చాప అంచులా అసహ్యంగా ఉంది. దాన్ని అత్త పక్కన పెట్టి స్నానానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఎర్ర పోగుకు తెల్లపోగు, ఐదారు ముళ్ళు పడి ఉన్నాయి, కొంచెం వదులుగా, కొంచెం వంకరగా. చేతులు మాత్రం కొంగులో ఉన్నాయి.

ఆ తర్వాత రోజూ అంతే. నేను లేనప్పుడు ముళ్ళు పడేవి. నేను వస్తే ఆగేవి. తలుపు చాటు నుంచి చూద్దామని ప్రయత్నించాను. నా ఇంట్లో నేనే దొంగలా నిలబడి చూశాను. ఎలా తెలిసేదో, తలెత్తేది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం వాసంతి వచ్చింది. అందరం భోజనం చేసి ముందుగదిలో కూర్చున్నాం. మా అత్త ఆ మూల గోడకానుకుని ఉంది, గుడ్డ ఒళ్ళో ఉంది, చేతులు కొంగులో ఉన్నాయి, నేనున్నాను కదా మరి. మెహ్జబీన్ ఫోన్ చేసింది. వచ్చే వారం పెద్దవాళ్ళ కుటుంబాలన్నీ వస్తాయట, అందరి ముందూ నాకు శాలువా కప్పుతారట, అత్తను ఎట్లా చూసుకుంటున్నానో నాలుగు మాటలు చెప్పాలట. సదానందం ఫోన్ లాక్కుని తనే ఒప్పేసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మా అవ్వను నీ లెక్క చూసుకునేటోళ్ళు ఈ వాడకట్టుల ఉన్నరానే? నేను కొడుకునే, నాతోటి గాలే" అన్నాడు.

వాసంతి నా భుజం మీద చెయ్యి వేసింది. "కన్నబిడ్డను, నేను గూడ గింత జెయ్యలే వదినె. మా అవ్వ అదృష్టవంతురాలు."

ఇంక నావల్ల కాలేదు. పుండు మీద కారం చల్లినా ఓర్చుకోవచ్చు గానీ, తేనె రాస్తే ఓర్చుకోలేం. లేచి లైనింగ్ ముక్కల మూట జరిపి, కింద నుంచి ఆ రెండు సంచులూ తీసి వాళ్ళ ముందు నేల మీద పడేశాను.

"నర్సు ఎవ్వలు జెప్పలే" అన్నాను. "నేనే కుట్టిన. నేనే కట్టిన. మీ అవ్వ జాకెట్టు చింపలేదు, నా కత్తెరతోని నేనే కోసిన. వేళ్ళు కట్టెలైంది జబ్బుతోని గాదు."

సదానందానికి అర్థం కాలేదు. "నర్సు జెప్పిందంటివి గద?" అన్నాడు, నేను పొరపాటు పడుతున్నానేమో, తను గుర్తుచేస్తే సరిపోతుందేమో అన్నట్టు. తర్వాత ఒక సంచి తీసుకుని లోపలికి చూశాడు. "నేను సారు ముంగట చేతులు గట్టుకొని నిలవడ్డ. అవ్వను నిలదీసిన. అవ్వ ఏం అనలేక చేతుల దిక్కు చూసుకున్నది."

"చూసిన. నేను ఆడనే ఉన్న."

"ఎన్నొద్దులు?" అని అడిగింది వాసంతి.

"రెండు నెలలు."

"రెండు నెలలా! నీ చేతులకు తొడుగుదునా వదినె? పొద్దందాక కట్టి కూసోబెడుదునా?" అంటూ నా మీదికి వచ్చింది. కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు. నా ముందే కూలబడి ఏడ్చింది. "నిన్ను ఒక్క మాట అననియ్యలేదు గదనే మా అవ్వ, ఎవ్వల్నీ" అంది.

అప్పుడు మూల నుంచి చప్పుడైంది. మా అత్త ఒళ్ళోని గుడ్డను పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. మా అరుపులకు భయపడిందనుకున్నాం. వాసంతి "అవ్వా, కూసో" అంటూనే ఉంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. నేల మీది సంచినే చూస్తూ నడిచి వచ్చి, నా ఎదురుగా మెల్లగా కూర్చుంది. కొంగు తీసింది. నేను అన్నాళ్ళుగా కోరుకున్నట్టే ఆ చేతులు నా ముందు బయటికి వచ్చాయి.

రెండు మణికట్లూ దగ్గరగా పెట్టి నా వైపు చాపింది.

"కట్టు బిడ్డా, నీ పని ఆగుతాంది" అంది. నేను కదలకపోయేసరికి, బతిమాలుతున్నట్టు ఇంకా ముందుకు చాపింది. "జర వదులుగ కట్టు."